రాష్ట్రపతి సంతకం ఎక్కడ ఆగుతుంది?

అనంతపురంలోనో కర్నూలులోనో గ్రూప్స్ పరీక్షలకు, డీఎస్సీకి చదువుకునే అభ్యర్థికి రాష్ట్రపతి అనే మాట మొదట ఎదురయ్యేది రాజ్యాంగ పాఠంలో కాకపోవచ్చు. లోకలా, నాన్‌లోకలా అన్న లెక్క తేల్చుకునేటప్పుడు అందరి నోటా వినిపించే ‘ప్రెసిడెన్షియల్ ఆర్డర్’ ద్వారానే ఆ పరిచయం జరుగుతుంది. ఉద్యోగాలు, చదువుల్లో ప్రాంతాల మధ్య తగాదా తీర్చడానికి 1973 సెప్టెంబరులో కుదిరిన ఆరు సూత్రాల పథకం కోసం 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. దాని కింద 1975 అక్టోబరు 18న వెలువడిన ఉత్తర్వు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాలను కలిపి నాలుగో జోన్‌గా ఏర్పరిచి, ఏ కొలువుకు ఎవరు స్థానికులో నిర్ణయించింది. సీమలో రెండు మూడు తరాల ఉద్యోగార్థుల జాతకాన్ని తేల్చిన ఆ కాగితం మీద ఉన్నది రాష్ట్రపతి పేరు. అయితే ఏ పోస్టు జిల్లా కేడరు కిందికి వస్తుంది, ఏది జోనల్ కేడరు అవుతుంది అన్న లెక్కలను రాష్ట్రపతి భవన్‌లో కూర్చుని ఎవరూ వేయలేదు. అవన్నీ రాష్ట్ర సచివాలయానికీ, కేంద్ర హోంశాఖకూ, మంత్రివర్గానికీ మధ్య నడిచి, చివరికి సంతకం కోసం అక్కడికి చేరాయి.

కేంద్ర ప్రభుత్వం చేసే ప్రతి పనీ రాష్ట్రపతి పేరు మీదే వెలువడాలని 77వ అధికరణం చెబుతుంది. కేంద్ర కార్యనిర్వాహక అధికారం మొత్తం రాష్ట్రపతికే దఖలు పడిందని, సైనిక దళాల సర్వాధిపత్యం కూడా ఆ పదవిదేనని 53వ అధికరణం అంటుంది. ఈ రెండింటినీ విడిగా చదివినవారికి ఢిల్లీలో ఒక చక్రవర్తి ఉన్నాడనిపించినా ఆశ్చర్యం లేదు. ఆ అపోహను తొలగించే వాక్యం 74వ అధికరణంలో ఉంది: రాష్ట్రపతికి సాయం, సలహా అందించడానికి ప్రధానమంత్రి నాయకత్వంలో ఒక మంత్రిమండలి ఉండాలి. ఆ మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని 75వ అధికరణం దానికి ముడి వేస్తుంది. రాష్ట్రపతి అధికారానికి ఉన్న అసలైన హద్దు ఈ రెండు వాక్యాల మధ్య ఉంది. సంతకం మంత్రిమండలికి లోబడి ఉంటుంది, మంత్రిమండలి సభకు జవాబు చెబుతుంది. కాబట్టి ఆ సంతకం మీద ఎంత పట్టు ఉంటుందన్నది చివరికి సభ ఎంత గట్టిగా జవాబు అడుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ గొలుసు మొదటి నుంచీ ఇంత స్పష్టంగా లేదు. 1950 నాటి 74వ అధికరణంలో ‘సలహా’ అన్న మాటే తప్ప, దాన్ని రాష్ట్రపతి పాటించి తీరాలన్న మాట లేదు. బ్రిటన్‌లో రాజు నడుచుకునే సంప్రదాయం ఇక్కడా అదే రీతిలో నడుస్తుందని రాజ్యాంగ నిర్మాతలు నమ్మారు. ఆ నమ్మకాన్ని మొదట ప్రశ్నించినది తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదే కావడం విశేషం. హిందువుల వివాహ, వారసత్వ నియమాలను సంస్కరించే హిందూ కోడ్ బిల్లు విషయంలో 1951లో నెహ్రూతో ఆయన విభేదించారు. 1960 నవంబరులో ఢిల్లీలో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ భవన శంకుస్థాపన సభలో మాట్లాడుతూ, రాష్ట్రపతి అధికారాలు నిజంగా బ్రిటిష్ రాజు అధికారాలంత పరిమితమైనవేనా అన్నది అధ్యయనం చేయవలసిన విషయమని అన్నారు. సుప్రీంకోర్టు మాత్రం 1955లో రామ్ జవాయా కపూర్ కేసులోనూ, 1974లో ఏడుగురు న్యాయమూర్తులు విన్న షంషేర్ సింగ్ కేసులోనూ రాష్ట్రపతి, గవర్నర్లు రాజ్యాంగబద్ధ అధినేతలు మాత్రమేనని తేల్చింది. రెండేళ్ల తరువాత 42వ సవరణ, సలహాను అనుసరించి తీరాలని రాజ్యాంగంలోనే రాసేసింది.

ఇంతవరకూ చెప్పింది ఒక వైపు. సలహాకు కట్టుబడి ఉండడమే అన్నిటికీ మందు అయితే 1975 జూన్ 25 రాత్రి జరిగినదానికి అర్థం చెప్పడం కష్టం. ఆ రాత్రి ప్రధాని ఇందిరాగాంధీ పంపిన అత్యవసర పరిస్థితి ప్రకటనపై రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసే సమయానికి మంత్రివర్గం అసలు సమావేశమే కాలేదు. ప్రధానికి నియమాలను పక్కన పెట్టే వీలిచ్చే కార్యకలాపాల నిబంధనల్లోని 12వ నియమాన్ని ఆధారం చేసుకున్నారు. మంత్రులు మరునాడు తెల్లవారుజామున కూర్చుని, అప్పటికే జరిగిపోయినదానికి తలలూపారు. సీమ ఉద్యోగాల ఉత్తర్వు మీద సంతకం పడినది కూడా అదే ఏడాది, అదే రాష్ట్రపతి హయాంలో, అంతకు నాలుగు నెలల తరువాత. ఒకటి దేశం గొంతు నొక్కింది, మరొకటి ఒక వెనుకబడిన ప్రాంతానికి వాటా చూపింది. రెండింటిలోనూ ఆ చెయ్యి నిర్ణయించింది ఏమీ లేదు.

అప్పుడు పార్లమెంటు ఏం చేసిందన్నది ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న. ప్రతిపక్ష సభ్యుల్లో చాలామంది జైళ్లలో ఉండగానే ఉభయ సభలూ అత్యవసర పరిస్థితి ప్రకటనను ఆమోదించాయి. అత్యవసర పరిస్థితి అవసరమని రాష్ట్రపతి సంతృప్తి చెందడాన్ని కోర్టులు ప్రశ్నించరాదని 38వ సవరణ చేశాయి. లోక్‌సభ తన గడువును తానే పొడిగించుకుంది, 42వ సవరణతో అయిదేళ్ల గడువును ఆరేళ్లు చేసుకుంది. హద్దుగా నిలవవలసిన సభే హద్దు రాళ్లను పీకి పక్కన పెట్టిన సందర్భం అది. ‘చట్టసభ ఉంది కదా’ అని నిశ్చింతగా ఉండే వాదనలో ఉన్న లోపం ఇక్కడే బయటపడుతుంది.

ఆ రాళ్లను తిరిగి పాతినది 44వ సవరణ. 1979 ఏప్రిల్ 30న దానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఈ సవరణ ప్రకారం అత్యవసర పరిస్థితి విధించాలంటే మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి చేరాలి. రాజ్యాంగం మొత్తంలో ‘క్యాబినెట్’ అన్న మాట కనిపించేది ఈ ఒక్క 352వ అధికరణంలోనే కావడం గమనించదగ్గది. ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న సాగే రబ్బరు లాంటి మాట స్థానంలో ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చింది. ప్రకటనను నెల రోజుల్లోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం పొందాలి. లోక్‌సభ సభ్యుల్లో పదో వంతు మంది, అంటే ఇప్పటి లెక్కలో 55 మంది, నోటీసు ఇస్తే 14 రోజుల్లో సభ ప్రత్యేకంగా సమావేశమై ఆ ప్రకటనను సాధారణ మెజారిటీతోనే రద్దు చేయవచ్చు. విధించడానికి కఠినమైన మెజారిటీ, తొలగించడానికి తేలికైన మెజారిటీ పెట్టిన ఈ తూకంలో ఆ తరం అనుభవించిన భయమంతా కనిపిస్తుంది. 74వ అధికరణంలోనూ ఒక చిన్న సందు తెరిచారు: సలహాను పునఃపరిశీలించమని రాష్ట్రపతి ఒకసారి తిప్పి పంపవచ్చు, రెండోసారి అదే సలహా వస్తే మాత్రం పాటించాలి.

సంజీవరెడ్డి కథ ఈ చర్చకు ఎంత దగ్గరగా ఉందంటే, దాన్ని పక్కన పెట్టి ఈ విషయం రాయడం సాధ్యం కాదు. ఆయన రాజకీయ జీవితం ఎగుడుదిగుళ్లు చట్టసభకూ, కోర్టుకూ, ప్రభుత్వాధినేతకూ మధ్య ఉన్న గీతల మీదే సాగాయి. ముఖ్యమంత్రిగా ఉండగా కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణపై సుప్రీంకోర్టు 1964 జనవరిలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా చేసిన వ్యాఖ్యలను అనుసరించి పదవికి రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకరై, ఆ కుర్చీలో ఉన్నంతకాలం పార్టీ సభ్యత్వం ఉండరాదని కాంగ్రెస్‌కు రాజీనామా ఇచ్చారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో వి.వి. గిరి చేతిలో 14,650 ఓట్ల విలువ తేడాతో ఓడిపోయారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచిన ఒకే ఒక్కరు ఆయన. మళ్లీ స్పీకరయ్యారు, నాలుగు నెలలు తిరగకముందే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. సభాపతి కుర్చీలో నుంచి నేరుగా రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన ఆయన ముందుకే, సభలో ఎవరికి మెజారిటీ ఉందో ఎవరికీ తెలియని పరిస్థితి రెండేళ్లకు వచ్చింది.

1979 జులైలో అవిశ్వాస తీర్మానం ఎదురుగా ఉండగానే జనతా పార్టీ చీలిపోయి, 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. రాష్ట్రపతి మొదట ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ను పిలిచారు, ఆయన వల్ల కాలేదు. తరువాత మొరార్జీ, చరణ్‌సింగ్ ఇద్దరూ మద్దతుదారుల జాబితాలు ఇచ్చారు. వాటిని పరిశీలించి చరణ్‌సింగ్‌ను ఆహ్వానిస్తూ, ఆగస్టు మూడో వారానికల్లా లోక్‌సభ విశ్వాసం పొందాలని షరతు పెట్టారు. చరణ్‌సింగ్ 28న ప్రమాణం చేశారు. సభ ఆగస్టు 20న కూడవలసి ఉండగా, ఇందిరా కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకోవడంతో ఆ ఉదయమే సభను ఎదుర్కోకుండా రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. జనతా పార్టీ కొత్త నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇవ్వమని కోరారు. సంజీవరెడ్డి ఆయనను పిలవకుండా, 22న లోక్‌సభను రద్దు చేశారు.

ఈ నిర్ణయం మీద వాదన నేటికీ తెగలేదు. సలహాను పాటించి తీరాలని 74వ అధికరణం చెబుతున్నప్పుడు ప్రధాని సలహాను కాదనే హక్కు రాష్ట్రపతికి ఎక్కడిది అన్నది ఒక పక్షం. ఒక్కనాడూ సభ విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చే సలహాకు ఆ బలం ఎలా వస్తుందన్నది రెండో పక్షం. సలహా రాష్ట్రపతిని బంధించడానికి కారణం దాని వెనుక సభ ఉండడమే. వెనుక సభ లేని సలహా ఒక వ్యక్తి అభిప్రాయంతో సమానం. ఈ కోణంలో చూస్తే ఆహ్వానానికి గడువుతో కూడిన షరతు పెట్టడం ఆయన చేసిన మంచి పని, బలాన్ని తేల్చే చోటు సభే అన్న సూత్రానికి ఆ లేఖ ఒక తొలి రూపం. జగ్జీవన్‌రామ్‌కు ఉన్నదీ లేనిదీ అదే సభలో తేలనివ్వకపోవడం మాత్రం ఆ సూత్రాన్ని ఆయనే సగంలో వదిలేసినట్టయింది. అప్పటికి చీలికలు, ఫిరాయింపులతో విసిగిపోయిన దేశంలో ఎన్నికలే నయమన్న సమర్థన రాజకీయంగా బలమైనదే, రాజ్యాంగపరంగా మాత్రం అది బలహీనంగానే ఉంటుంది.

రద్దయిన సభకు జవాబు చెప్పనక్కరలేని మంత్రిమండలి 1980 జనవరి 14 దాకా కొనసాగింది. రాజ్యాంగంలో ‘ఆపద్ధర్మ ప్రభుత్వం’ అన్న మాటే లేదు. సభ రద్దయినా మంత్రిమండలి ఉండి తీరాలని సుప్రీంకోర్టు 1971లోనే యు.ఎన్.ఆర్. రావు కేసులో చెప్పింది. అందుకని కొత్త విధానాలు, పెద్ద ఖర్చులతో కూడిన నిర్ణయాలు తీసుకోరాదన్న కట్టడి సంప్రదాయంగానే మిగిలింది. ఈ నాలుగైదు నెలల్లో రాష్ట్రపతికి ఉన్నంత చోటు అంతకు ముందుగానీ, తరువాతగానీ చాలా తక్కువమందికి దక్కింది. ఎన్నికల్లో ఇందిరాగాంధీ భారీ మెజారిటీతో తిరిగి వచ్చాక ఏమైందో చూస్తే తేడా తెలుస్తుంది. 1980 ఫిబ్రవరి 17న తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దు చేసిన ప్రకటనలపై అదే సంజీవరెడ్డి సంతకం చేశారు. ఆరు నెలల వ్యవధిలో మనిషి మారలేదు, రాజ్యాంగంలో అక్షరం మారలేదు. సభలో మెజారిటీ ఉన్న మంత్రిమండలి ఎదుట నిలబడడమే మారింది.

నంద్యాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక ఉదాహరణ ఇక్కడే చెప్పుకోవచ్చు. ఏ సభలోనూ సభ్యత్వం లేనివారు మంత్రిగా ఆరు నెలలకు మించి ఉండరాదని 75వ అధికరణం అయిదో ఖండం. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసే నాటికి ఆయన లోక్‌సభలోనూ లేరు, రాజ్యసభలోనూ లేరు. ఆ గడువు ముంచుకొస్తుండగా నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలు దాటిన మెజారిటీతో గెలిచారు. నంద్యాల ఓటర్లు ఆనాడు ఒక అభ్యర్థిని గెలిపించడంతో పాటు ఒక రాజ్యాంగ షరతును నెరవేర్చారు. సభలో పూర్తి మెజారిటీ లేని ఆ ప్రభుత్వం 1993 జులైలో అవిశ్వాస తీర్మానాన్ని 265-251తో గట్టెక్కింది. ఆ గట్టెక్కిన తీరు మీద లంచాల కేసు నడిచి, సభలో ఓటుకు డబ్బు తీసుకున్న సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తులు కొట్టివేశారు.

రాష్ట్రాల విషయంలో, రాష్ట్రపతి పాలన విధించే వీలిచ్చే 356వ అధికరణం రాష్ట్రపతి పేరును మరింత తరచుగా వినిపించేలా చేసింది. ఆ పేరుతో నడిచిన పాలనను ఆంధ్ర ప్రాంతం మొదట చూసింది కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడే. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో, గుడారాల్లో కార్యాలయాలు నడిచిన ఆ ఊళ్లో, మద్యనిషేధం వివాదం మీద టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఆ తరువాతే రాష్ట్రపతి పాలన, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చాయి. అక్కడ బలం తేలింది శాసనసభలోనే కాబట్టి రాష్ట్రపతి ప్రకటనకు సభ తీర్పే పునాది అయింది. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం నడుమ వచ్చిన రాష్ట్రపతి పాలన అలాంటిది కాదు. కాంగ్రెస్‌కు శాసనసభలో తిరుగులేని మెజారిటీ ఉంది. సభను రద్దు చేయకుండా నిద్రపుచ్చి, దాదాపు 11 నెలల తరువాత అదే సభను మేల్కొలిపి జలగం వెంగళరావును ముఖ్యమంత్రిని చేశారు. ఆ నిద్ర కాలంలోనే ఆరు సూత్రాల పథకం రూపుదిద్దుకుందన్నది మొదట చెప్పుకున్న ఉత్తర్వుకు పూర్వకథ.

1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ రెండు అనుభవాల్లో మొదటిదాన్నే ప్రమాణంగా నిలబెట్టిందని అనవచ్చు. ప్రభుత్వానికి బలం ఉందో లేదో సభలోనే తేలాలి, రాజ్‌భవన్‌లో తేలకూడదు. రెండు నెలల్లోగా పార్లమెంటు ఉభయ సభలూ ఆమోదించేదాకా శాసనసభను రద్దు చేయడానికి వీల్లేదు, సస్పెండు చేసి ఉంచాలి. ప్రకటనకు ఆధారమైన సమాచారాన్ని కోర్టు పరిశీలించవచ్చు. ఈ తీర్పు అండతో రాష్ట్రపతులకు ధైర్యం వచ్చింది. 1997లో ఉత్తరప్రదేశ్ విషయంలో, 1998లో బీహార్ విషయంలో రాష్ట్రపతి పాలన సిఫారసులను కె.ఆర్. నారాయణన్ పునఃపరిశీలనకు తిప్పి పంపారు. 44వ సవరణ తెరిచిన ఆ చిన్న సందు నిజంగా పనికొచ్చిన సందర్భాలవి.

ఆర్డినెన్సుల సంగతి వేరు. ఉభయ సభలూ ఒకేసారి సమావేశంలో ఉన్నప్పుడు తప్ప మిగతా వేళల్లో, తక్షణ అవసరం ఉంటే మాత్రమే రాష్ట్రపతి ఆర్డినెన్సు జారీ చేయవచ్చని 123వ అధికరణం. సభలు మళ్లీ కూడిన ఆరు వారాలకు అది రాలిపోతుంది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సును జులై 19న, శనివారం నాడు తెచ్చారు. పార్లమెంటు సమావేశాలు మొదలయ్యేది సోమవారం. సంతకం చేసినది తాత్కాలిక రాష్ట్రపతి వి.వి. గిరి, మరునాడే ఆయన రాజీనామా చేసి సంజీవరెడ్డి మీద పోటీకి దిగారు. రెండు రోజులు ఆగలేనంత తక్షణత ఏమిటన్న ప్రశ్న ఆర్.సి. కూపర్ కేసులో లేచింది, ఆ వెనుక వచ్చిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరిలో ఇతర కారణాలతో కొట్టివేసింది. బ్యాంకులు పల్లెలకు రావడం మంచిదే, సీమ రైతుకు అప్పు పుట్టే దారి అందులో ఉంది. మంచి పనికి సభను దాటే దారి ఎంచుకోవడం వల్ల, తరువాతి వాళ్లు మంచివి కాని పనులకూ అదే దారి పట్టారు. బీహార్‌లో 256 ఆర్డినెన్సులను సభ ముందుకు తీసుకురాకుండా మళ్లీ మళ్లీ జారీ చేసిన వైనం 1986లో డి.సి. వాధ్వా కేసులో బయటపడింది. ఇలాంటి పునర్జారీ రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని అప్పుడూ, 2017లో ఏడుగురు న్యాయమూర్తుల తీర్పులోనూ సుప్రీంకోర్టు చెప్పింది.

క్షమాభిక్ష విషయంలో హద్దు గీసిన ఒక ముఖ్యమైన తీర్పు కర్నూలు జిల్లా నుంచే వచ్చింది. ఒక రాజకీయ నాయకుడికి గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు రద్దు చేస్తూ, 72వ అధికరణం కింద రాష్ట్రపతికీ, 161 కింద గవర్నర్‌కూ ఉన్న ఈ అధికారం కులమతాలు, రాజకీయ విధేయత వంటి అసంబద్ధ కారణాల మీద నడిస్తే న్యాయసమీక్షకు లోబడుతుందని పేర్కొంది.

చట్టసభ ఆమోదించిన బిల్లు ముందు రాష్ట్రపతి ఏం చేయగలరన్నది 111వ అధికరణంలో ఉంది. ద్రవ్య బిల్లు కానిదాన్ని ఒకసారి తిప్పి పంపవచ్చు, సభలు తిరిగి ఆమోదిస్తే సంతకం చేయాలి. 2006లో లాభదాయక పదవుల బిల్లును ఎ.పి.జె. అబ్దుల్ కలాం తిప్పి పంపారు, పార్లమెంటు మార్పు లేకుండా మళ్లీ ఆమోదించింది, ఆయన సంతకం చేశారు. అయితే ఈ అధికరణంలో గడువు లేదు. 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లులో ఉత్తరాలను ఆపి చూసే విస్తృత అధికారం ప్రభుత్వానికి ఉండడంతో జైల్‌సింగ్ దాన్ని అవుననకుండా, కాదనకుండా బల్ల మీదే ఉంచేశారు. ఆ బిల్లు చట్టం కాలేదు. పౌరుల ఉత్తరాల గోప్యత బతికింది కాబట్టి చాలామంది దీన్ని మెచ్చుకుంటారు, కానీ ఎన్నికైన సభల నిర్ణయాన్ని మౌనంతో చంపే మార్గం అది. ఈ గడువు సమస్యే 2025లో మళ్లీ లేచింది. ఏప్రిల్‌లో తమిళనాడు గవర్నర్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, రాష్ట్రాల నుంచి వచ్చే బిల్లులపై రాష్ట్రపతి మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. మే నెలలో రాష్ట్రపతి 14 ప్రశ్నలతో సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తులు, రాజ్యాంగంలో లేని గడువును కోర్టు విధించలేదని, గడువు దాటితే ఆమోదం లభించినట్టే అనుకోవడం కుదరదని అభిప్రాయం ఇచ్చారు. గడువు కావాలంటే రాజ్యాంగ సవరణ చేయవలసినది పార్లమెంటే. బంతి తిరిగి సభ ముంగిట్లోకే వచ్చింది.

సభ మాటకు ఉన్న విలువకు కూడా హద్దుందని ఆంధ్రప్రదేశ్ 2014లో చూసింది. మూడో అధికరణం ప్రకారం విభజన బిల్లును రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయానికి పంపారు, గడువును వారం పొడిగించారు. జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో దాన్ని తిరస్కరించింది. అభిప్రాయం అడగాలన్నదే రాజ్యాంగ నియమం, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదని సుప్రీంకోర్టు ఎన్నడో బాబూలాల్ పరాటే కేసులో చెప్పేసింది. మార్చి 1న బిల్లు మీద రాష్ట్రపతి సంతకం పడింది. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన కూడా అదే రోజు మొదలైంది. ఒకే తేదీన ఒకే పేరుతో వచ్చిన ఆ రెండు కాగితాలూ రాష్ట్రపతి సొంత నిర్ణయాలు కావని సీమలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కోపం ఢిల్లీ పార్టీల మీదికే వెళ్లింది, రాష్ట్రపతి భవన్ వైపు ఎవరూ చూడలేదు.

రాష్ట్రపతిని తొలగించే అభిశంసన ప్రక్రియ 61వ అధికరణంలో ఉంది. నాలుగో వంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల నోటీసు, రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ఇంతవరకూ దాన్ని ఎవరి మీదా ప్రయోగించలేదు. అంతకంటే మౌలికమైన పట్టు ఎన్నికలోనే ఉంది. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎన్నికైన చట్టసభ సభ్యులే. 2022 ఎన్నికలో రాష్ట్ర జనాభాను బట్టి లెక్కగట్టిన కడప ఎమ్మెల్యే ఓటు విలువ 159, కడప ఎంపీ ఓటు విలువ 700.

గొలుసులో బలహీనమైన కొలికి నేడు రాష్ట్రపతి భవన్‌లో లేదు, సభలో ఉంది. తొలి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజుల చొప్పున కూడితే, 2019-24 నాటి 17వ లోక్‌సభ అయిదేళ్లకూ కలిపి 274 రోజులే కూడింది. సభ ఉండగా ఉప సభాపతిని ఎన్నుకోవాలని 93వ అధికరణం చెబుతున్నా ఆ అయిదేళ్లూ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం గోడ దూకేవాళ్లను కొంత ఆపింది, దానికి మూల్యంగా విప్‌ను, అంటే పార్టీ ఇచ్చే ఓటు ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేసే ధైర్యాన్ని సభ్యుల నుంచి తీసుకుంది. మంత్రిమండలిని సభ అదుపు చేయాలన్నది రాజ్యాంగం గీసిన బొమ్మ. విప్ చేతిలో ఉన్న మంత్రిమండలే సభను అదుపు చేయడం ఆచరణలో తేలిన బొమ్మ. ఈ తలకిందుల బొమ్మలో రాష్ట్రపతి సలహాకు ఎంత నిక్కచ్చిగా కట్టుబడి ఉంటే అధికారం అంతగా ప్రధాని కార్యాలయంలో పోగుపడుతుంది. దానికి విరుగుడుగా రాష్ట్రపతికి మరిన్ని అధికారాలు ఇవ్వాలనేవారు 1979 ఆగస్టును మరోసారి చదువుకోవాలి. సభకు జవాబు చెప్పని చెయ్యి ఎవరిదైనా, ఆ చేతికి చోటు పెంచడం చికిత్స కాదు. సమావేశాలకు ఏడాదికి ఇన్ని రోజులని చట్టబద్ధమైన కనీస సంఖ్య, విశ్వాస తీర్మానం, బడ్జెట్టు మినహా మిగిలిన ఓట్లలో విప్‌కు విరామం, బిల్లులను స్థాయీ సంఘాలకు తప్పనిసరిగా పంపడం వంటి మార్పులే ఈ ముడిని విప్పగలవు.

కర్నూలులో హైకోర్టు కావాలన్న కోరికకు కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికంత వయసుంది. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు దక్కాలన్న ఆ మాట ప్రకారం 1953లో రాజధాని వచ్చి, మూడేళ్లకే హైదరాబాదు వెళ్లిపోయింది. ప్రస్తుత హైకోర్టు ప్రధాన స్థానం ఎక్కడ ఉండాలో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తారని 2014 పునర్విభజన చట్టం 31వ సెక్షన్ చెబుతుంది. అమరావతిని ఆ స్థానంగా పేర్కొన్న ఉత్తర్వు 2018 డిసెంబరు 26న వచ్చింది. దాన్ని మార్చమని న్యాయవాదుల సంఘాలు, విద్యార్థి సంఘాలు రాష్ట్రపతికి వినతిపత్రాలు పంపితే, అవి రాష్ట్రపతి సచివాలయం నుంచి సంబంధిత మంత్రిత్వ శాఖకు బదిలీ అవుతాయి. ఆ శాఖ మంత్రిని నిలబెట్టి అడగగలిగే కుర్చీలు లోక్‌సభలో కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప వంటి పేర్లతో ఉన్నాయి. నక్షత్రపు గుర్తు ప్రశ్నకు సభలో నిలబడి సమాధానం చెప్పవలసినది మంత్రే, రాష్ట్రపతి కాదు.